పిడికెడు జొన్నలు, పాతికేళ్ల గుడి

"తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి ఈ చర్చిల చరిత్ర వెంట పడ్డావేంటి?" అని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లు రెండు రకాలు. క్రైస్తవులు కానివాళ్లకు ఇదేదో మతప్రచారంలా కనబడుతుంది. క్రైస్తవులకు, అందులోనూ సంఘ పెద్దలకు, ఈమె లెక్కలు తవ్వడానికి వచ్చిందేమోనన్న అనుమానం. ఇద్దరికీ నా జవాబు ఒకటే. మా ఇళ్లలోని ఆడవాళ్ల గురించి కాగితం మీద మొట్టమొదట అక్షరం పడింది చర్చి రిజిస్టరులోనే. భూమి పట్టాల్లో వాళ్లు లేరు, ఎందుకంటే భూమి లేదు. బడి హాజరుపట్టీలో లేరు, ఎందుకంటే బడికి పోలేదు. సాహిత్యంలో ఉన్నారా అంటే, ఉన్నచోట కూడా ఇంకెవరో రాస్తేనే ఉన్నారు. కాబట్టి వెతకాలంటే ఆ రిజిస్టరు దగ్గరికే పోవాలి. అక్కడ ఎంత దొరుకుతుంది, ఎంత దొరకదు అన్నదే నా ప్రశ్న.

చర్చిల శతజయంతి సంచికలు చూసినవాళ్లకు వాటి వరస తెలిసే ఉంటుంది. మొదట బిషప్పు గారి సందేశం. తర్వాత శంకుస్థాపన తేదీ, ప్రతిష్ఠ తేదీ, గంట ఎక్కడినుంచి వచ్చింది, బల్ల ఎవరు ఇచ్చారు. ఆపైన ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు పనిచేసిన గురువుల జాబితా. చివరి పేజీల్లో ఒక గ్రూప్ ఫొటో. తెల్లచీరలు కట్టుకున్న ముప్పై నలభై మంది ఆడవాళ్లు. కింద "స్త్రీల మైత్రి సభ్యులు" అని ఉంటుంది. పేర్లు ఉండవు. ఈ ముప్పై నలభై మంది లేకపోతే ఆ గుడిలో ఆదివారం ఆరాధన జరగదని అందరికీ తెలుసు. అయినా గుడి చరిత్ర అంటే గోడల చరిత్ర, గోడల మధ్య నిలబడి మాట్లాడిన మగవాళ్ల చరిత్ర.

నేను ఈ వెతుకులాట మొదలుపెట్టింది డోర్నకల్‌తో. మాది నాగర్‌కర్నూల్. మా ఊరికీ డోర్నకల్‌కీ ఏ సంబంధమూ లేదు. మా నాయనమ్మే ఆ రెంటికీ ఉన్న సంబంధం. ఆమె దగ్గరికి వచ్చేముందు ఆ ఊరి సంగతి కొంత చెప్పాలి.

డోర్నకల్ బొగ్గు వల్ల పుట్టిన జంక్షన్. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఆ బొగ్గు కోసమే సికింద్రాబాద్ నుంచి తూర్పుకి నిజాం రైలు దారి వేశారు. అది డోర్నకల్ దగ్గర చీలి ఒక పాయ ఇల్లెందు గనులకు, ఇంకో పాయ బెజవాడకు పోయింది. రెండు పట్టాలు విడిపోయే చోటు కాబట్టి అక్కడ స్టేషను, క్వార్టర్లు, బజారు వచ్చాయి. చుట్టూ పల్లెలు. పల్లెల్లో దొరలు, దేశ్‌ముఖులు, వెట్టి. వెట్టి చేసే మాల మాదిగ కుటుంబాలకు బొగ్గు బాయి ఒక కొత్త నరకమే గానీ, నెల తిరిగితే చేతికి పైసలిచ్చే నరకం.

ఆ జంక్షన్‌కి మిషనరీలు వచ్చింది ఇంగ్లండ్ నుంచి కాదు, తిరునెల్వేలి నుంచి. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. వాళ్లు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. దాన్ని స్థాపించినవాళ్లలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1909లో గురువుగా అభిషేకం పొంది తనే అక్కడికి వచ్చాడు. తమిళుడు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ముఖం మీదే, మాకు మీ దయ కాదు, మీ స్నేహం కావాలన్న అర్థంలో మాట్లాడి కలకలం రేపాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు. మొదట చిన్న ముక్కగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష ఖండంలోకి తర్వాతి పదేళ్లలో కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలూ, రాయలసీమ సంఘాలూ వచ్చి కలిశాయి.

డోర్నకల్‌లో ఎపిఫనీ కేథడ్రల్ కట్టడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. చూస్తే మసీదులా గుమ్మటాలు, మినార్లు. లోపలికి పోతే దేవళం మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. ఇంగ్లండ్ గుడి నకలు కాకుండా ఈ దేశపు గుడి కావాలని అజరయ్య పట్టుబట్టాడు. దీన్ని పోల్చి చూసుకోవడానికి మన దగ్గరే ఇంకో రెండు గుళ్లున్నాయి. బొల్లారంలో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చికి విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చింది. కంటోన్మెంటు తెల్లవాళ్ల కోసం కట్టిన ఆ గుడికి 1983 నవంబర్ 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున వచ్చి ప్రార్థన చేసింది. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టుల గుడి 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకు తిండి పెట్టి కట్టించారని దాని గురించి చెప్పుకుంటారు. ఒకటి రాణి దానం. ఒకటి కరువు కూలి. మరి డోర్నకల్?

డోర్నకల్ గుడికి విదేశాల చందాలు రాలేదని నేననను, వచ్చాయి. కానీ అజరయ్య ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. ఇవ్వడం ధనవంతుల సొత్తు కాదు, పేదవాడికి కూడా ఇచ్చే హక్కుంది, ఇచ్చే బాధ్యతా ఉంది అన్నాడు. దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ సంఘాల్లో కోత పండుగకి ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు గుడికి వచ్చేవి. వాటిని గుడి ముందరే వేలం వేసేవాళ్లు. ఇప్పటికీ వేస్తారు. వీటికన్నా నిత్యం జరిగేది ఇంకొకటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా వంటకు తీసిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. అందరూ దీన్ని "పిడికెడు బియ్యం" అంటారు. మా నాయనమ్మ మాత్రం నవ్వేది.

"బియ్యమెక్కడివే? బియ్యం పండుగకు జూసేటోళ్లం. మేం ఏసింది జొన్నలు."

ఈ పిడికెడు జొన్నలను సంఘ చరిత్రకారులు భక్తికి గుర్తుగా రాస్తారు. నేను కాదనను. కానీ స్త్రీవాదం మనకు నేర్పిన ఒక మామూలు ప్రశ్న ఉంది. ఆ పిడికెడు ఎవరి పళ్లెంలోంచి తగ్గింది? మొగుడికి పెట్టి, పిల్లలకు పెట్టి, చివర కుండ గీరుకొని తినేది ఎవరు? ఇంటిల్లిపాది కోసం కొలిచిన గింజల్లో పిడికెడు తగ్గితే ఆ తగ్గుదల చివరి పళ్లెం దాకా ప్రయాణం చేసి అక్కడ ఆగుతుంది. అంటే ఆ గుడి గోడల్లో కొంత ఆడవాళ్ల ఆకలి ఉంది. భక్తి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

అక్కడితో ఆగితే మాత్రం మళ్లీ ఆమెను బాధితురాలిగానే మిగిల్చినట్టవుతుంది. నాయనమ్మ చెప్పిన తీరులో బాధ లేదు, పెత్తనం ఉంది. వాళ్లమ్మ ఆ కుండను ఎవర్నీ ముట్టనిచ్చేది కాదట. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా వాళ్ల నాయన ఆ కుండలో చెయ్యి పెట్టడానికి జంకేవాడట. "అది దేవునిది" అని వాళ్లమ్మ అనేది. ఆలోచిస్తే, ఆమె బతుకులో మొగుడు అడగలేని, దొర లాక్కోలేని ఆస్తి అదొక్కటే. ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆమె చేతిలో ఉంది. దోపిడీ, అధికారం రెండూ ఒకే పిడికిట్లో ఉన్నాయి. ఏదో ఒకటే చూస్తే లెక్క తప్పుతుంది.

నాయనమ్మ పుట్టింది డోర్నకల్, ఇల్లెందు మధ్య ఒక పల్లెలో. 1930 ప్రాంతంలో. వాళ్ల నాయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. వాళ్లమ్మ బాయి పైన తట్ట మోసేది. భూమి కిందికి ఆడవాళ్లు దిగి పనిచేయకూడదని 1952 గనుల చట్టం నిషేధించింది, 2019లో ఆ నిషేధాన్ని షరతులతో సడలించారు. కానీ పైకొచ్చిన బొగ్గు ఎత్తిపోయడంలో ఆడవాళ్ల నెత్తి ఎప్పుడూ ఉంది. "మాయమ్మ నెత్తిల సుట్టబట్ట తీస్తే జుట్టు గుండ్రంగ ఊడి ఉండేది" అని నాయనమ్మ చెప్పేది. అక్షరం రాని ఆ ముత్తవ్వ ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు పొల్లుపోకుండా ఒప్పజెప్పేదట. బాప్తిస్మం కావాలంటే అవి నోటికి రావాలి. కాటికాపరుల పాటలు, ఎల్లమ్మ కథలు, బతుకమ్మ పాటలు మోసిన జ్ఞాపకశక్తే ఇవీ మోసింది. సాహిత్య విద్యార్థిగా నాకు ఇదొక పెద్ద సంగతి. మౌఖిక సంప్రదాయం అని మనం తరగతి గదిలో చెప్పేది మతం మారినంత మాత్రాన తెగిపోలేదు. కొత్త పాఠాన్ని పాత గొంతుతో పాడుకుంది.

1939 జనవరి ప్రతిష్ఠ నాటికి నాయనమ్మకు తొమ్మిదేళ్లో పదేళ్లో. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని, కాలినడకన జనం వచ్చారట. ఆమెకు గుమ్మటాలు గుర్తులేవు, బిషప్పు గారు గుర్తులేడు. చలికి వాళ్లమ్మ కొంగు కప్పుకొని పడుకోవడం, తెల్లారి అందరితోపాటు లోపలికి పోయి కూచోవడం గుర్తు. "లోపట్కి" అనే మాటను ఆమె ప్రతిసారీ ఒత్తి పలికేది. ఊళ్లో దేవళం గడప తొక్కనివ్వని మనుషులకు రాతి స్తంభాల మధ్య నడవడం అంటే ఏమిటో వాస్తుకళ పుస్తకాలు చెప్పవు.

ఆ బాప్తిస్మం నకలు కోసం ఆ ప్రాంతపు సంఘాల్లో తిరిగాను. పెద్దాయన ఒకరు ఓపిగ్గా బీరువా తీసి పాత పుస్తకం తిరగేశారు. ఆంగ్లికన్ బాప్తిస్మం రిజిస్టరుకి ఒక కట్టుదిట్టమైన నమూనా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1812లో పార్లమెంటు చట్టం చేసి పెట్టిన నమూనా ప్రపంచమంతా తిరిగి మన బొగ్గు ఊళ్లకూ వచ్చింది. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఉండే చోటు, తండ్రి వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి పేరు. నాయనమ్మ పేరు దొరికింది. ఆ వరసలో తండ్రి వృత్తి దగ్గర "కూలి" అని ఉంది. తల్లి పేరుంది. తల్లి ఏం పని చేస్తుందో రాయడానికి గడి లేదు. రాసినవాళ్లు మరిచిపోయారని కాదు, గీతలు గీసినప్పుడే ఆ చోటు లేదు. నెత్తి మీద జుట్టు ఊడేదాకా మోసిన బొగ్గు తట్టకు ఆ పుస్తకంలో జాగా లేదు.

ఇది మన వెనకబాటుతనమని అనుకోనక్కర్లేదు. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం ఇచ్చిన నమూనా చూడండి. వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు. తల్లి పేరు లేదు. ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి రికార్డుల్లో తల్లుల పేర్లు చేరింది 2021 మే నెలలో. అంతవరకు రాణి ఇంట్లో పెళ్లి అయినా, బొగ్గు గని కార్మికుడి ఇంట్లో పెళ్లి అయినా తల్లి ఆ కాగితం మీద లేదు. తెల్లతల్లికీ నల్లతల్లికీ ఈ ఒక్క విషయంలో సమానత్వం దక్కింది!

అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలితరం మనిషి. 1898లో వాళ్ల పెళ్లి కట్నం లేకుండా, 40 రూపాయల ఖర్చుతో జరిగింది. ఆమె కూడా తమిళ దేశం వదిలి తెలుగు పల్లెల్లోకి వచ్చి, తెలుగు ఆడవాళ్లతో పనిచేసింది. బిషప్పు జీవిత చరిత్రలు తెలుగులో, ఇంగ్లీషులో వచ్చాయి. వాటిలో ఆమె భర్తకు తోడు నిలిచిన ఇల్లాలు. ఒక చదువుకున్న ఆడమనిషి పరాయి భాషలో, పరాయి ఊళ్లో ఏం ఆలోచించి ఉంటుంది? బొగ్గు తట్ట మోసిన మనిషికీ బిషప్పు భార్యకీ మధ్య కులం, భాష, చదువు ఎంత దూరం పెట్టాయి, ఎంత దగ్గర చేశాయి? నేను అడగదలిచిన ప్రశ్నలు ఇవి. కట్నం లేని పెళ్లి సంగతి మాత్రం ప్రసంగాల్లో గొప్పగా చెబుతారు. మా వైపు సంఘాల్లో ఇవాళ్టికీ పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ గుళ్లో కూచున్న అందరికీ ఎన్ని లక్షలు, ఎన్ని తులాలు మాట్లాడుకున్నారో తెలుసు. ఎవరూ లేచి నిలబడరు.

నాయనమ్మ పెళ్లి 1946లో జరిగింది. తాత మిషన్ బళ్లో పంతులు. నాగర్‌కర్నూల్ దగ్గరివాడు. ఇక్కడ చదువరులకు ఒక సంగతి విప్పి చెప్పాలి. మిషన్లు ఒకదాని పొలంలోకి ఇంకొకటి రాకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు. పాలమూరు వైపు మొదట అమెరికన్ బాప్టిస్టులు, తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్లు. మహబూబ్‌నగర్ కేంద్రాన్ని బాప్టిస్టులు 1937లో వీళ్లకు అప్పగించారు. నాగర్‌కర్నూల్‌లో మెన్నొనైట్ల కాంపౌండు అంతకుముందే, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే వచ్చింది. కాబట్టి ఎవరు ఏ సంఘమన్నది విశ్వాసం కన్నా ఎక్కువ ఏ తాలూకాలో పుట్టారన్నదాని మీద ఆధారపడింది. మగవాడు పుట్టిన తాలూకాలోనే ఉండిపోతాడు. అతని సంఘం మారదు. ఆడది పెళ్లయి తాలూకా దాటుతుంది. ఆమె సంఘం మారిపోతుంది.

మెన్నొనైట్లు పసిబిడ్డలకు ఇచ్చే బాప్తిస్మాన్ని ఒప్పుకోరు. బుద్ధి తెలిసినాక, నీళ్లలో పూర్తిగా మునగాలి. డోర్నకల్ రిజిస్టరులో ఉన్న నాయనమ్మ బాప్తిస్మం నాగర్‌కర్నూల్‌లో చెల్లలేదు. కొత్త కోడల్ని వాగులోకి తీసుకుపోయి ముంచారు. కొత్త రిజిస్టరులో కొత్త తేదీతో ఆమె మళ్లీ పుట్టింది. ఈసారి ఫలానావారి భార్యగా.

"ఒకపారి సల్లిన్రు, ఒకపారి ముంచిన్రు. దేవుడు మాత్రం ఒక్కడే గదనే" అని ఆమె నవ్వి ఊరుకునేది.

నవ్వి ఊరుకున్నా లొంగలేదు. ప్రార్థన పుస్తకం లేని మెన్నొనైట్ గుడిలో ఆమె తన ఆంగ్లికన్ ప్రార్థనలు పెదవులతో చదువుకుంటూనే ఉండేది. అందరూ కూచుని ప్రార్థన చేస్తుంటే ఆమె చాప మీద మోకాళ్లూనేది. గురువు మాట ముగించగానే జనం చెప్పాల్సిన జవాబు ఆమె ఒక్కతే మెల్లగా చెప్పేది. చిన్నప్పుడు మాకు అదొక ముసలి అలవాటుగా కనబడింది. ఇప్పుడు చూస్తే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ముల్లో ఎవరూ కుదువ పెట్టలేకపోయినది అదొక్కటే.

చరిత్ర రచనకు సంబంధించి నాకు తెలిసివచ్చింది ఇది. గుడిని కేంద్రంగా పెట్టుకొని చరిత్ర రాస్తే ఆడవాళ్లు జారిపోవడం ఖాయం. గుడి కదలదు, వాళ్లు కదులుతారు. డోర్నకల్ చరిత్రలో నాయనమ్మ లేదు, ఎందుకంటే పదహారేళ్లకే వెళ్లిపోయింది. నాగర్‌కర్నూల్ చరిత్రలో లేదు, ఎందుకంటే బయటినుంచి వచ్చింది. ఒక గుడికి జొన్నలు పోసింది, ఇంకో గుడికి అరవయ్యేళ్లు ఊడ్చి ముగ్గేసింది. రెండు పుస్తకాల్లోనూ సగం సగం మనిషి. ఆమెను పూర్తిగా చూడాలంటే రాయిని వదిలి ఆమె నడిచిన దారి పట్టాలి.

ఈ పద్ధతి నాతో మొదలవలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఆడవాళ్ల నోటి మాటగా విని రాసింది. 2000లో వచ్చిన కల్యాణరావు "అంటరాని వసంతం" దళితుల మతాంతరీకరణ చరిత్రను రూతు అనే ఆడమనిషి జ్ఞాపకాల మీదుగా నడిపింది. నా సిద్ధాంత గ్రంథంలో నేను ఆ నవల మీద ఒక అధ్యాయం రాశాను. జ్ఞాపకం చరిత్రకు ఆధారమవుతుందా అని వైవాలో అడిగారు. రిజిస్టరులో గడి లేనివాళ్లకు జ్ఞాపకం తప్ప ఏముందని నా జవాబు.

ఇంతసేపూ మా నాయనమ్మ పేరు రాయలేదని గమనించే ఉంటారు. మరుపు వల్ల కాదు. ఆమెకు చర్చిలో ఒక పేరు, సర్కారు కాగితాల్లో ఒక పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీ అనే ఒక్క శాతం గడిలో పెట్టారు. గుడి మారినా వాడ మారలేదు, వాడ పేరు పెట్టి పిలిచే పిలుపు మారలేదు. అందుకే మా వైపు ఎన్నో ఇళ్లలో మనుషులకు రెండేసి పేర్లుంటాయి. ఒక ఆడమనిషి చరిత్ర రాయాలని పూనుకొని, ఆమె పేరు రాస్తే మనవల సర్టిఫికెట్ల మీద ఎవరైనా వేలు పెడతారేమోనని ఆలోచించాల్సి రావడం ఈ దేశంలోనే సాధ్యం. ఆర్కైవులో దళిత స్త్రీ పేరు ఎందుకు లేదని అడిగే పరిశోధకులు ఈ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మారినవి లేవా అంటే ఉన్నాయి. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాక, 1976లో ఆ సంఘంలో స్త్రీకి తొలిసారి గురువు అభిషేకం ఇచ్చారు. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి స్త్రీ బిషప్పు. నంద్యాల ఒకప్పుడు డోర్నకల్ అధ్యక్ష ఖండంలోని భాగమే. మా గద్వాల నుంచి తుంగభద్ర దాటితే ఆవలి నేల. 1912లో తొలి భారతీయ బిషప్పును చూసిన తెలుగు నేలే 101 ఏళ్లకు తొలి మహిళా బిషప్పునూ చూసింది. ఇంగ్లండ్ చర్చి తన మొదటి మహిళా బిషప్పును అభిషేకించింది 2015లో. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ఒక స్త్రీ, సారా ములాలీ, ఎంపికైంది 2025 అక్టోబర్‌లో. ఎవరు ఎవరికి నాగరికత నేర్పారో తేదీలు చూసి చెప్పుకోవచ్చు.

కానీ పై మెట్టు మీద ఒక స్త్రీ నిలబడినంత మాత్రాన కింది మెట్ల లెక్క సరికాదు. మా పాలమూరు మెన్నొనైట్ సంఘంలోనే చూడండి. 1907లో అమెరికా నుంచి కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ ఒంటరిగా వచ్చి, 1945లో చనిపోయేదాకా తెలంగాణలోనే వైద్యం చేసింది. ఆడవాళ్ల చేతి వైద్యం సంఘానికి కావాలి, వంట కావాలి, పాట కావాలి, పిడికెడు గింజలు కావాలి. బోధపీఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పౌలు వాక్యాలు అడ్డం వస్తాయి. మా స్త్రీల సమాజానికి ఏడాదికి ఒక్క ఆదివారం ఇస్తారు. ఆ ఒక్కరోజు ఆడవాళ్లు ఆరాధన నడిపిస్తారు, వాక్యం చెబుతారు. మిగతా యాభై ఒక్క ఆదివారాలు వింటారు.

ఆ స్త్రీల సమాజం కోశాధికారి మా అమ్మ. ఆమె దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకాలు ఆరేడున్నాయి, కొన్ని ఆమెకన్నా ముందటివాళ్లు రాసినవి. జమ వైపు సోలెడు, మానికెడు, ఈమధ్య కిలోలు. ఖర్చు వైపు గుడి సున్నం, ఫ్యాను రిపేరు, చాపలు. వాటి మధ్య మధ్య ఇంకోరకం ఖర్చులు. ఒక కోడలి కాన్పుకి. బొంబాయి పనికి పోయి చచ్చిపోయిన మనిషి శవాన్ని తెప్పించడానికి. మొగుడు వదిలేసినామె బిడ్డ హాస్టలు ఫీజుకి. సంఘ పెద్దల మినిట్స్ పుస్తకంలో ఇవేవీ లేవు. పాలమూరు వలసల చరిత్ర, ఆడవాళ్లు ఒకరికొకరు ఆసరా అయిన చరిత్ర, గింజల కొలతల్లో రాసి ఉంది. నాయనమ్మ పేరు కూడా ఉంది, మానికెడు జొన్నల పక్కన, ఎవరి భార్యా అని లేకుండా.

డోర్నకల్ గుడికి రాసిన చరిత్రలున్నాయి, ఇంకా రాస్తారు. నాకు కావలసింది ఆ గుడికి గింజలు పోసిన ఇళ్ల లెక్క. ఖమ్మం, వరంగల్, కృష్ణా, నంద్యాల, పాలమూరు, ఏ సంఘమైనా సరే, మీ ఇళ్లలో, మీ స్త్రీల మైత్రి పెట్టెల్లో ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. చెదలు పట్టాయనో, లెక్కలు పాతబడ్డాయనో వాటిని తూకానికి వేసేయకండి. ముందు ఒకసారి తెరిచి, జమ వైపు ఉన్న పేర్లు పైకి చదవండి.